ఇంట్లో పెద్ద ఫోటోలు ప్రింట్ చేసుకోవాలంటే: ఏ ప్రింటరు, ఏ గది, ఎంత ఇంకు

తిరుపతిలో ఏ ప్రింటింగు దుకాణంలోనైనా "పెద్ద సైజు ప్రింటు కావాలి" అని అడిగితే మొదట ఎదురయ్యే ప్రశ్న "ఎన్ని అడుగులు?" అక్కడ పెద్ద ప్రింటంటే ఫ్లెక్సు. సాల్వెంటు ఇంకు, వినైలు షీటు, రోడ్డుకు అవతలి నుంచి చూస్తే చాలనిపించే బొమ్మ. శేషాచలం ఎర్రరాతి అంచుల మీద సాయంత్రపు వెలుగు పడిన ఫోటోను గోడకు తగిలించి రెండడుగుల దూరం నుంచి చూడాలనుకునేవారికి అది పనికిరాదు. ఆ ఇంకు వాసన వల్ల ఇంట్లో పెట్టుకోదగిన యంత్రమూ కాదు. రెండో దారి కలర్ ల్యాబు. పెళ్లి ఆల్బమ్‌ల కోసం నడిచే ల్యాబుల్లో ఎక్కువ భాగం వెలుగుకు స్పందించే వెండి లవణాల కాగితం మీద, రసాయనాల్లో కడిగి ప్రింటు తీస్తాయి. నాణ్యత బాగుంటుంది, ఖర్చు తక్కువ. అయితే కాగితం ఎంచుకునే అవకాశం తక్కువ, రంగు దిద్దే చెయ్యి మనది కాదు. మూడో దారి ఇంట్లోనే పెట్టుకునే ఇంకుజెట్ ఫోటో ప్రింటరు. ఈ వ్యాసం దాని గురించే.

ఈ ప్రింటర్లు కొనేవారు సాధారణంగా డబ్బా మీద రాసిన రెజల్యూషన్, రంగుల సంఖ్య పోల్చి చూస్తారు. ఈ తరగతిలో పేరున్న యంత్రాలన్నింటిలోనూ అవి సరిపడానే ఉంటాయి. ఎంపికను నిజంగా తేల్చేవి వేరే రెండు: వారానికి ఎన్ని ప్రింట్లు వేస్తారు, ప్రింటరు ఏ గదిలో ఉండబోతుంది. ఈ రెండింటికీ జవాబు లేకుండా కొన్న ఖరీదైన ప్రింటరు ఏడాది తిరక్కుండానే నాజిళ్లు, అంటే ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు, ఎండిపోయి మూలన పడుతుంది.

ముందు గోడ కొలవండి

సైజులతో మొదలుపెడదాం. ఇంటి వాడకానికి వచ్చే ఫోటో ప్రింటర్లు వెడల్పును బట్టి రెండు రకాలు. 13 అంగుళాల వెడల్పువి ఏ3 ప్లస్ దాకా, అంటే 13×19 అంగుళాల దాకా వేస్తాయి. 17 అంగుళాలవి ఏ2 దాకా, అంటే సుమారు 16.5×23.4 అంగుళాలు, లేదా 17×22 షీటు వేస్తాయి. 24 అంగుళాలు, ఆపైన ఉన్నవి స్టాండు మీద నిలబడే రోల్ యంత్రాలు. అవి స్టూడియోల కోసం తయారైనవి, వాటిని ఇక్కడితో వదిలేద్దాం.

మన పటాల దుకాణాల్లో సులువుగా దొరికే ఫ్రేముల్లో 12×18, 16×20, 20×30 ఉంటాయి. 12×18 చాలనుకుంటే 13 అంగుళాల ప్రింటరే సరిపోతుంది. 16×20 కావాలంటే 17 అంగుళాలది తప్పదు. 20×30 ఏడాదికి రెండు మూడు వస్తే వాటిని ల్యాబులో వేయించుకోవడమే తెలివైన పని. వాటి కోసం యంత్రం సైజు పెంచుకోకూడదు.

ఫైలు ఆ సైజుకు తట్టుకుంటుందా అన్న లెక్క చిన్నదే. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటోలో 6000×4000 పిక్సెళ్లుంటాయి. దాన్ని 16×20కి కత్తిరిస్తే 5000×4000 మిగులుతాయి, అంగుళానికి 250 పిక్సెళ్లు. గోడ మీది ఫోటోకు అది పుష్కలం. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటో, 4000×3000, 12×16 సైజులో అంతే నాణ్యత ఇస్తుంది. 180 దాకా దిగినా రెండడుగుల దూరం నుంచి ఇబ్బందిగా కనిపించదు. చిక్కంతా వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలతోనే. మామూలుగా పంపితే అది పొడుగు వైపును సుమారు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. 16 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 100 మాత్రమే. పంపేవారిని ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి.

డై ఇంకా, పిగ్మెంట్ ఇంకా

అసలు నిర్ణయం ఇక్కడ ఉంది. డై ఇంకులో రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉంటుంది. కాగితం పూతలోకి ఇంకిపోతుంది. గ్లాసీ, అంటే నున్నగా మెరిసే కాగితం మీద తళుకు ఎక్కడా తెగకుండా ఉంటుంది, రంగులు నిండుగా కనిపిస్తాయి, నాజిళ్లు మొండిగా మూసుకుపోవడం తక్కువ. బలహీనత ఏమిటంటే వెలుగు, గాలిలోని ఓజోను ఆ రంగు అణువులను త్వరగా విరిచేస్తాయి. పిగ్మెంట్ ఇంకులో రంగు అతి సన్నని రేణువులుగా ద్రవంలో తేలుతుంటుంది, కాగితం పై పొరలో నిలుస్తుంది. ఒక్కో రేణువులో బోలెడన్ని అణువులుంటాయి కనుక పైవి చెడినా లోపలివి నిలబడతాయి. అందుకే పిగ్మెంట్ ప్రింటు చాలా ఎక్కువ కాలం మన్నుతుంది. నూలు గుజ్జుతో చేసిన, మెరుపులేని మ్యాట్ కాగితాల మీద దాని నలుపు గాఢంగా పడుతుంది, డై అక్కడ వెలవెలబోతుంది.

పిగ్మెంట్‌కూ లోపాలున్నాయి. గ్లాసీ కాగితం మీద ఇంకు పడినచోట ఒక మెరుపు, పడని తెల్లని చోట ఇంకో మెరుపు కనిపిస్తాయి. ఏటవాలుగా చూస్తే నల్లని భాగాలు రాగి ఛాయలో మెరవవచ్చు. కెనాన్ తన ప్రో వరుసలో క్రోమా ఆప్టిమైజర్ అనే రంగులేని ద్రవం కూడా పోయించేది ఈ మెరుపు తేడాను సర్దడానికే. రెండోది, రేణువులు కనుక వాడకుండా ఉంచితే అడుగుకు దిగుతాయి, నాజిల్ మూతి దగ్గర గట్టిపడతాయి.

మన ఇళ్లలో ఇంకో సంగతి కూడా చూడాలి. పూజగదిలో, దాని పక్క గోడ మీద పెట్టే పటాలకు రోజూ అగరుబత్తి పొగ, నూనె దీపం మసి తగులుతుంటాయి. ఇప్పటి ఫోటో కాగితాల పూతలో సన్నని రంధ్రాలుంటాయి. ఇంకు తొందరగా ఆరేది వాటి వల్లే, కానీ పొగ, గాలి లోపలికి చొరబడేదీ అదే దారిలో. అద్దం లేకుండా అక్కడ తగిలించిన డై ప్రింటు త్వరగా పాలిపోతుంది. స్వామి పటమైనా, పెద్దల ఫోటో అయినా పూజగది దగ్గర ఉండేదైతే పిగ్మెంట్ ప్రింటు వేసి అద్దం బిగించాల్సిందే.

కుటుంబ ఆల్బమ్, పిల్లల ఫోటోలు, స్నేహితులకు ఇచ్చే ప్రింట్లు వేసుకునేవారికి డై చాలు. పాడైతే మళ్లీ వేసుకోవచ్చు. అమ్మేవి, ప్రదర్శనకు పెట్టేవి, పదేళ్ల తర్వాతా అలాగే ఉండాల్సినవి అయితే పిగ్మెంట్ తీసుకోండి. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలను ఫోటో తీసి ప్రతులు వేసేవారికి ఇందులో సందేహమే అక్కర్లేదు. ఆ గుడ్డలోని మట్టి ఎరుపు, మెరుపులేని నలుపు మ్యాట్ కాగితం మీద పిగ్మెంట్‌తోనే కుదురుతాయి. గ్లాసీ కాగితం మీద వేస్తే చేతిపని కాస్తా క్యాలెండరు బొమ్మలా మారిపోతుంది.

యంత్రాలు

డై వైపు చవకైన దారి ఎప్సన్ ఇంకు ట్యాంకు ప్రింటర్లు. పాత ఎల్1800, దాని తర్వాత వచ్చిన ఎల్18050 రెండూ ఏ3 ప్లస్ దాకా వేస్తాయి. మామూలు నాలుగు రంగులకు లేత నీలం, లేత మెజెంటా కలిపి ఆరు రంగులు, సీసాలతో నింపుకోవాలి. ప్రింటుకు ఇంకు ఖర్చు చాలా తక్కువ. వీటిలో బూడిద రంగు ఇంకు లేదు. అందుచేత నలుపు తెలుపు ఫోటోలో బూడిద ఛాయలన్నీ రంగులు కలిపి పుట్టించాలి. ట్యూబులైటు కింద కొంచెం ఆకుపచ్చగా, కిటికీ వెలుగులో కొంచెం గులాబీగా తోచే ప్రమాదం ఉంటుంది. కెనాన్ ప్రో-200 కూడా డై యంత్రమే, ఎనిమిది ఇంకులు, అందులో బూడిద ఛాయలు ఉన్నాయి. ప్రింటు అందంగా వస్తుంది కానీ చిన్న కార్ట్రిడ్జ్‌లు.

పిగ్మెంట్‌లో 13 అంగుళాలకు ఎప్సన్ పి700, కెనాన్ ప్రో-300. 17 అంగుళాలకు ఎప్సన్ పి900, కెనాన్ ప్రో-1000. 2024లో ప్రో-1000 స్థానంలోకి ప్రో-1100 వచ్చింది. ఎప్సన్ జంటను ఆసియా మార్కెట్లలో పి703, పి903 పేర్లతో అమ్ముతారు. పేరు చివరి అంకె చూసి వేరే యంత్రమని కంగారు పడనక్కర్లేదు.

వీటిని పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది కార్ట్రిడ్జ్‌లో ఎంత ఇంకు పడుతుందన్నది. ప్రో-300లో ఒక్కోటి 14.4 మి.లీ., పది కలిపి 144 మి.లీ. పి700లో 25 మి.లీ. పి900లో 50 మి.లీ., పదికి అర లీటరు. ప్రో-1000లో 80 మి.లీ. చొప్పున పన్నెండు, అంటే 960 మి.లీ. కార్ట్రిడ్జ్ చిన్నదయ్యేకొద్దీ మి.లీ. ధర పెరుగుతుంది. 13 అంగుళాల ప్రింటరు కొనేటప్పుడు మిగిలిన డబ్బును అది ఇంకు రూపంలో మెల్లగా వెనక్కి లాగేస్తుంది. నెలకు పది పెద్ద ప్రింట్లు దాటుతాయని నమ్మకం ఉంటే 17 అంగుళాలదే చివరికి చవక. నెలకు రెండో మూడో అయితే మాత్రం ఆ అర లీటరు ఇంకు గడువు దాటేదాకా కూర్చుంటుంది.

రెండోది హెడ్, అంటే నాజిళ్లు ఉండే, అటూ ఇటూ కదిలే భాగం. ఎప్సన్‌ది పియెజో రకం. విద్యుత్తు తగిలితే వంగే పలకతో చుక్కను నెడుతుంది. ఎక్కువకాలం మన్నేలా చేసిన భాగం, కానీ చెడితే ఇంట్లో మార్చుకోలేం. సర్వీసు ఖర్చు ప్రింటరు ధరలో పెద్ద వంతే అవుతుంది. కెనాన్‌ది వేడితో బుడగ పుట్టించి చుక్కను తోసే రకం. నాజిళ్లు క్రమంగా అరుగుతాయి, అయితే హెడ్‌ను విప్పి కొత్తది వేసుకోవచ్చు. ప్రో-1000 ఇంకో అడుగు ముందుంది: మూసుకుపోయిన నాజిల్‌ను తనే కనిపెట్టి పక్క నాజిల్‌తో ఆ పని చేయిస్తుంది. అందుకే దానిలో ప్రింటు మీద గీతలు పడటం అరుదు. అందుకు బదులుగా తనంతట తాను శుభ్రం చేసుకుంటూ ఇంకు తాగుతుంది. ప్లగ్గు పీకి ఉంచి, అప్పుడప్పుడే వాడితే ఆ దాహం ఇంకా పెరుగుతుంది. స్టాండ్‌బైలో ఎప్పుడూ ఉండనిస్తేనే దానికి సుఖం.

మూడోది నలుపు. గ్లాసీ కాగితానికి ఫోటో బ్లాక్, మ్యాట్‌కు మ్యాట్ బ్లాక్ అని రెండు ఇంకులుంటాయి. 2015 నాటి ఎప్సన్ పి800లో రెండింటికీ హెడ్‌లో ఒకటే దారి. కాగితం మార్చినప్పుడల్లా పాత నలుపును కడిగి పారబోయాలి. 2020లో వచ్చిన పి700, పి900లలో రెండింటికీ వేర్వేరు దారులు ఇచ్చారు. పాత పి800 తక్కువ ధరకు వస్తుందని చూసేవారు మొదట ఈ సంగతి లెక్కలో వేసుకోవాలి.

బరువూ తూకం వేసుకోండి. పి900 సుమారు 15 కిలోలు, ఒక్కరే ఎత్తి బల్ల మీద పెట్టగలరు. ప్రో-1000 సుమారు 32 కిలోలు, ఇద్దరు కావాలి, బల్ల కదలకూడదు. హెడ్ అటూ ఇటూ పరిగెత్తేటప్పుడు ఊగే బల్ల మీద సన్నటి అడ్డగీతలు పడతాయి. మందపాటి కాగితం పెట్టే దారులకు ప్రింటరు వెనక ఖాళీ కావాలి, గోడకు ఆనించి పెట్టే లెక్క కుదరదు.

పొడుగాటి పనోరమాలు, ఉదాహరణకు చంద్రగిరి కోట వెనక కొండ వరుస మొత్తం ఒకే ఫ్రేములో కావాలంటే, రోల్ ఉండాలి. పి700లో రోల్ పెట్టే చోటు యంత్రంలోనే ఉంది. పి900కు విడిగా కొనాలి. ప్రో-1000లో లేదు, పొడవుకూ హద్దు ఉంది.

మా తీర్పు ఇది. ఇంటి ఫోటోలు, ఖర్చు తక్కువ కావాలి: ఎల్18050. మ్యాట్ కాగితం, నలుపు తెలుపు, మధ్యలో పది రోజులు ఖాళీగా ఉండే అవకాశం: పి900. ప్రతి వారం తప్పక వేసేవారు, కరెంటు ఎప్పుడూ ఆన్‌లో ఉంచగలిగేవారు, గ్లాసీ, లస్టర్ (తక్కువగా మెరిసే) కాగితాలు ఇష్టపడేవారు: ప్రో-1000 లేదా ప్రో-1100. స్థలమే ఇబ్బంది అయితే తప్ప 13 అంగుళాల పిగ్మెంట్ యంత్రాల వైపు వెళ్లమని చెప్పలేం.

ఇంకు లెక్క

చదరపు అడుగు ఫోటోకు సుమారు 1 నుంచి 1.5 మి.లీ. ఇంకు పడుతుందని పెట్టుకుంటే లెక్క దగ్గరగానే వస్తుంది. 12×18 అంటే ఒకటిన్నర చదరపు అడుగులు, 1.5 నుంచి 2.25 మి.లీ. 16×20 అంటే 2.2 చదరపు అడుగులు, 2.2 నుంచి 3.3 మి.లీ. మీరు కొనే కార్ట్రిడ్జ్ ధరను దాని మి.లీ.తో భాగించండి. మి.లీ. 50 రూపాయలు అనుకుంటే 16×20 మీద పడే ఇంకు 110 నుంచి 165 రూపాయలు. దానికి కాగితం కలపాలి. మంచి నూలు కాగితమైతే ఇంకు కంటే కాగితమే ఎక్కువవుతుంది.

ఇందులో చాలామంది వదిలేసేవి మూడు. కొత్త ప్రింటరుతో వచ్చిన ఇంకులో ఒక భాగం గొట్టాలు నింపడానికే పోతుంది, ఫోటోల మీదికి రాదు. ప్రింటరు తనను శుభ్రం చేసుకునేటప్పుడు పోయే ఇంకంతా మెయింటెనెన్స్ బాక్సు అనే డబ్బాలో చేరుతుంది, అది నిండితే ప్రింటరు ఆగిపోతుంది, కనుక ఒకటి ముందే తెచ్చి ఉంచాలి. మొదటి ప్రింటే సరిగా రాదు. టెస్టు ముక్కలకూ, మళ్లీ వేసేవాటికీ నాలుగో వంతు కలుపుకోండి. ఇంత కూడిన తర్వాత వచ్చిన సంఖ్యను ల్యాబు ధర పక్కన పెట్టి చూస్తే ఇంట్లో ప్రింటింగు చవక కాదని తెలుస్తుంది. ఇంట్లో ప్రింటు వేసుకోవడానికి సరైన కారణం కాగితం, రంగు మన చేతిలో ఉండటమే.

గది, ఎండ, కరెంటు

ఫోటో ప్రింటర్ల మాన్యువల్స్ సాధారణంగా పని చేసే వేడికి 35 డిగ్రీలు పై హద్దుగా రాస్తాయి. తిరుపతిలో, చిత్తూరులో మే నెల పగటి ఎండ 40 దాటుతుంది. రోహిణి కార్తెలో మేడ మీద శ్లాబు కింద ఉన్న గది, రేకుల గది సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వేడికి నాజిల్ మూతి దగ్గర ఇంకు నీరు ఆరిపోయి జిగురుగా మారుతుంది. కింది అంతస్తులో, పడమటి గోడకు దూరంగా ఉన్న గది ఎంచుకోండి. ఏసీ గాలి సూటిగా ప్రింటరు మీద పడకూడదు. చల్లగా ఉన్నా అది పొడి గాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో సమస్య తిరగబడుతుంది. తేమకు కాగితం అంచులు పైకి లేస్తాయి. లేచిన అంచు హెడ్‌కు తగిలి నల్లటి మరక పడుతుంది, గట్టిగా తగిలితే హెడ్ దెబ్బతింటుంది. కాగితానికి 40 నుంచి 60 శాతం తేమ అనుకూలం. గదిలో చిన్న తేమ మీటరు పెట్టుకోండి. కాగితాన్ని తయారీదారు ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలోనే, పడుకోబెట్టి ఉంచాలి. ఇంకో గది నుంచి తెచ్చినది అయితే ఒకరోజు ముందే ప్రింటరు గదిలో పెట్టాలి. వంగిన షీటును వ్యతిరేక దిశలో మెల్లగా చుట్టి సరిచేసి, డ్రైవరులో (కంప్యూటరులో ఉండే ప్రింటరు సాఫ్ట్‌వేరులో) హెడ్‌కూ కాగితానికీ మధ్య ఎడం పెంచి వేస్తే మరకలు చాలావరకు తప్పుతాయి.

కరెంటు గురించి తెలియక హెడ్లు పాడుచేసుకునేవారు ఎక్కువ. ప్రింటరును దాని మీది పవర్ బటన్‌తోనే ఆపాలి. అప్పుడే హెడ్ పక్కకు వెళ్లి రబ్బరు మూత కింద కూర్చుంటుంది. గోడ స్విచ్ ఆపేసినా, ప్రింటు మధ్యలో కరెంటు పోయినా హెడ్ మూత లేకుండా నడిమధ్యన నిలిచిపోతుంది. వేసవిలో ఆ స్థితిలో కొన్ని గంటలుంటే చాలు, నాజిళ్లు బిగుస్తాయి. ఇంకుజెట్‌కు లేజర్ ప్రింటరులా కరెంటు ఎక్కువ పట్టదు. కంప్యూటరుకు వాడే చిన్న యూపీఎస్ సరిపోతుంది. కరెంటు పోయి ఆగిపోయిందంటే, తిరిగి రాగానే ఆన్ చేసి హెడ్ తన చోటికి వెళ్లనివ్వండి.

దుమ్ము పడకుండా గుడ్డ కప్పండి, ట్రేలు మూసి ఉంచండి. చీమలు, బొద్దింకలు, బల్లులు వెచ్చటి యంత్రాల్లో చేరతాయి. లోపల చచ్చిన బల్లి వల్ల హెడ్ కదిలే దారి ఆగిపోతే అది వారంటీ కిందికి రాదు.

వారానికి ఒకసారి ఏ4 రంగుల ఫోటో ఒకటి వేయాలి. డ్రైవరులోంచి హెడ్‌ను శుభ్రం చేయించడం (క్లీనింగ్) కన్నా అది చవక, పైగా అన్ని రంగులూ కదులుతాయి. గీతలు కనిపిస్తే నాజిల్ చెక్, అంటే ఏ నాజిళ్లు పని చేయడం లేదో చూపే పరీక్ష ప్రింటు, వేయండి. ఖాళీలుంటే ఒకసారి శుభ్రం చేసి మళ్లీ చెక్. తగ్గకపోతే రెండోసారి. అప్పటికీ ఉంటే ఆపేసి రాత్రంతా వదిలేయండి. చాలాసార్లు ఇంకు మెత్తబడి ఉదయానికి సగం తెరుచుకుంటాయి. మిగిలిన ఖాళీలు ఏ రంగులో ఉన్నాయో చూసి ఆ ఒక్క రంగు పట్టీలు వేయించండి. వరసగా ఐదారుసార్లు శుభ్రం చేస్తే మెయింటెనెన్స్ బాక్సు నిండుతుంది, హెడ్‌లోకి గాలి చేరి ఇంకా ఖాళీలు వస్తాయి. బోరు నీళ్లతో, స్పిరిట్‌తో హెడ్ తుడవవద్దు. బోరు నీటిలోని సున్నం నాజిల్‌లో కూర్చుంటే మళ్లీ రాదు. మూత రబ్బరు చుట్టూ తుడవాలంటే డిస్టిల్డ్ వాటర్, నూలు పోగులు రాని గుడ్డ.

కాగితం, రంగు

మొదలుపెట్టేవారు రెండే కాగితాలు పెట్టుకోవాలి: ఒక లస్టర్, ఒక మ్యాట్. లస్టర్ మీద వేలిముద్రలు, మెరుపు తేడా రెండూ తక్కువ. పది రకాల కాగితాలు కొన్నివి కొన్నివి తెచ్చుకుంటే ఏదీ అర్థం కాదు. ఈ కాగితాలు మన ఊళ్లో నిల్వ ఉండటం అరుదు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో కొరియర్‌లో తెప్పించుకోవాలి, మూలలు నలగకుండా గట్టి అట్టల మధ్య ప్యాక్ చేయమని చెప్పాలి. మ్యాట్ కాగితంలో పూత ఒక్కవైపే ఉండేవి ఎక్కువ. వేలు తడిచేసి మూలన ముడితే అంటుకున్నట్టు ఉండేది పూత వైపు.

"స్క్రీన్ మీద వెలిగిపోతోంది, ప్రింటు చీకటిగా వచ్చింది" అనేది అందరికీ వచ్చే ఫిర్యాదు. ప్రింటరు తప్పు కాదు. ల్యాప్‌టాప్ వెలుగు పూర్తిగా పెంచి ఫోటో దిద్దితే, అది వెలిగే తెరకు సరిపోయినంత చీకటిగానే దిద్దుతారు. ప్రింటు వేసే మానిటరును చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల వెలుగుకు దించాలి. కొలిచే పరికరం లేకపోతే ఒక ప్రింటును కిటికీ పక్క నీడ వెలుగులో పట్టుకుని, తెర మీది తెలుపు చేతిలోని కాగితం తెలుపుకు దగ్గరయ్యేదాకా తెర వెలుగు తగ్గించండి. సగం సమస్య అక్కడే పోతుంది.

మిగిలిన సగం ప్రొఫైలు. ప్రతి కాగితానికి, ప్రతి ప్రింటరుకు జతగా ఒక ఐసీసీ ప్రొఫైలు, అంటే ఆ కాగితం మీద ఆ ప్రింటరు రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు, ఉంటుంది. కాగితం తయారీదారు సైటు నుంచి మీ ప్రింటరు పేరుతో ఉన్నది దింపుకోండి. ఫోటోషాప్‌లోనో లైట్‌రూమ్‌లోనో రంగుల బాధ్యత సాఫ్ట్‌వేరుకు ఇచ్చి ఆ ప్రొఫైలు ఎంచుకోండి, ప్రింటరు డ్రైవరులో రంగు దిద్దుబాటును పూర్తిగా ఆపేయండి. రెండుచోట్లా ఆన్‌లో ఉంటే రంగు రెండుసార్లు మారి మొహాలు ఎర్రగానో మెజెంటాగానో వస్తాయి. డ్రైవరులో కాగితం రకాన్ని ప్రొఫైలుతో వచ్చిన సూచనలో ఉన్నట్టే పెట్టాలి. ఎంత ఇంకు పోయాలి, ఏ నలుపు వాడాలి అన్నవి అక్కడే నిర్ణయమవుతాయి. మ్యాట్ కాగితం పెట్టి గ్లాసీ అని చెబితే నలుపు బూడిదలా వస్తుంది.

గంగమ్మ జాతర వేషాల పసుపులు, ఎరుపులు, పట్టుచీరల మెరిసే గులాబీలు ప్రింటరు అందుకోగల హద్దు దాటి ఉంటాయి. వాటిని హద్దులోకి తేవడానికి ప్రింటు సెట్టింగుల్లో రెండు ముఖ్యమైన పద్ధతులుంటాయి. పర్సెప్చువల్ పద్ధతి ఫోటోలోని రంగులన్నిటినీ కలిపి కొంచెం దగ్గరకు లాగుతుంది, చీర మడతల్లో తేడాలు మిగులుతాయి. రిలేటివ్ కలరిమెట్రిక్ హద్దులోని రంగులను అలాగే ఉంచి, దాటినవాటిని అంచుకు కత్తిరిస్తుంది. మొహాలు, కొండలు, నలుపు తెలుపు వాటికి రెండోది. జాతరకూ పట్టుకూ మొదటిది. ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపించే సాఫ్ట్ ప్రూఫ్‌లో రెండూ మార్చి చూసి ఎంచుకోండి. పెద్ద షీటు మీద వేసేముందు ముఖ్యమైన భాగాన్ని మాత్రం 4×6 ముక్క మీద అసలు సైజులోనే వేసి చూడండి.

పటం కట్టించేటప్పుడు

పిగ్మెంట్ ప్రింటును వేసిన వెంటనే అద్దం కింద పెట్టకూడదు. ఇంకులోని ద్రావకాలు మెల్లగా ఆవిరై అద్దం లోపలివైపు మంచులా పేరుకుంటాయి. ఒకరోజు గాలికి, దుమ్ము పడకుండా వదిలేయాలి. వానాకాలంలో రెండు రోజులు. ఫోటోకూ అద్దానికీ మధ్య మౌంట్ అట్ట తప్పనిసరి. అట్ట లేకపోతే తేమ రోజుల్లో పూత అద్దానికి అతుక్కుపోతుంది, విడదీస్తే ఫోటో ఊడివస్తుంది.

పటాల దుకాణంలో ఇది ఇంకుజెట్ ప్రింటని ముందే చెప్పండి. చెక్కపలక మీద అతికించి వేడి లామినేషన్ చేయడం వాళ్లకు అలవాటు. ల్యాబు ప్రింటు ఆ వేడిని ఓర్చుకుంటుంది. ప్లాస్టిక్ పొరతో చేసిన ఇంకుజెట్ కాగితం బుడగలు తేలవచ్చు. చల్లగా అతికించే ఫిల్మ్ వేయమని అడగాలి.

కొనేటప్పుడు

మొదట అడగాల్సింది ధర కాదు, సర్వీసు. 17 అంగుళాల యంత్రాన్ని బస్సులో పెట్టుకుని చెన్నైకి తీసుకెళ్లలేం. ఇంజనీరు ఇంటికి వస్తాడా, ఏ ఊరి నుంచి వస్తాడు, రాకపోకల ఖర్చు ఎవరిది, హెడ్ వారంటీలో ఉందా అని బిల్లుకు ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటే చవకగా వస్తుందన్న ఆలోచన వద్దు. కార్ట్రిడ్జ్ చిప్పులు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఇక్కడ కొన్న ఇంకును ఆ యంత్రం గుర్తించకపోవచ్చు, వారంటీ కూడా ఇక్కడ చెల్లదు.

పాత ఎల్1800 వాడినది కొనేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కప్పులు, టీషర్టుల మీద బొమ్మలు వేసేవారు దాన్ని సబ్లిమేషన్ (వేడితో బొమ్మను ఎక్కించే), డీటీఎఫ్ (ఫిల్మ్ మీద వేసి గుడ్డకు అంటించే) ఇంకులకు మార్చుకుంటారు. డీటీఎఫ్ తెల్ల ఇంకు పోసిన హెడ్ ఫోటోకు పనికిరాదు. ట్యాంకు గోడల మీద తెల్లటి చారలున్నా, గొట్టాలు పాలరంగులో కనిపించినా బేరం మానుకోండి. మీ ఎదుటే నాజిల్ చెక్ వేయమనండి, పది నిమిషాలాగి మళ్లీ వేయమనండి. రెండోదానిలో కొత్త ఖాళీలు వస్తే గాలి లాగుతోందని అర్థం.

కొత్త యంత్రమైతే డబ్బా, థర్మోకోల్, రవాణా కోసం వేసిన టేపులు, క్లిప్పులు దాచండి. ఇల్లు మారినప్పుడు ఇంకు నిండిన ప్రింటరును పక్కకు వంచి తీసుకెళితే గొట్టాల్లోని ఇంకు బోర్డు మీదికి కారుతుంది. బిగించిన రోజే నాజిల్ చెక్ కాగితం మీద తేదీ రాసి ఉంచుకోండి. మొదటి వారంలో బూడిద రంగు నిండుగా ఉన్న ఒక ఏ3 షీటు వేయండి. అడ్డగీతలు, ఛాయల్లో మార్పులు ఏవైనా ఉంటే అందులోనే బయటపడతాయి, అప్పటికి యంత్రం మార్చి ఇమ్మని అడిగే గడువు ఇంకా ఉంటుంది.